దొంతిరాయి వెనక నీళ్లు

గుట్ట మీద కప్పలు అరుస్తున్నాయి.

ఎల్లేశం నడక ఆగింది అందుకే. పొద్దున బాచుపల్లిలో బయలుదేరి, మదీనాగూడ మీదుగా పగలంతా నడిచి వచ్చాడు. సకల జనుల సమ్మె మొదలై పద్దెనిమిది రోజులైంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బిడ్డ ఇంటికి రాతిగోడ కట్టిపెడదామని పోయి అక్కడే చిక్కుకుపోయిన మనిషి, ఇక లాభం లేదని సుత్తె, శానం సంచిలో వేసుకుని కాళ్లనే నమ్ముకున్నాడు. గచ్చిబౌలి దాటి ఇంటి మలుపు తిరిగేసరికి పొద్దు గూకుతోంది. ఎదురుగా దొంతిగుట్ట. కుండల దొంతిలాగా బండ మీద బండ. అన్నిటి మీదా రెండంతస్తుల మేడంత దొంతిరాయి. ఆ రాయికి సరిగ్గా కింద, పడమటి వాలులో, రాళ్లు కొట్టి బతికేవాళ్ల ఇళ్లు ఇరవై రెండు. అందులో ఒకటి ఎల్లేశంది.

కప్పలు అరిస్తే కుంటలో అరవాలి. కుంట గుట్ట కింద, దక్షిణం వైపున ఉంది. ఈ అరుపు పైనుంచి వస్తోంది. చెవి అటు పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఒకటీ రెండూ కాదు, చాలానే ఉన్నాయి. అంటే నీళ్లు వచ్చి పోలేదు, వచ్చి నిలబడ్డాయి.

భూలక్ష్మి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"బిడ్డ మంచిగున్నదా? మనుమడు ఎట్లున్నడు?"

"గుట్ట మీద నీళ్లు ఎవరు నిలబెట్టిన్రు?"

"ఇరవై దినాలకు ఇల్లు జేరినవ్. ముందుగాల బిడ్డ ముచ్చట చెప్పు."

"మంచిగున్నది. నీళ్లు ఎవరు నిలబెట్టిన్రు?"

"నీ తమ్ముణ్ని అడుగు," అంది ఆమె, ముఖం తిప్పుకుని.

సాయిలు పక్కింట్లోనే ఉన్నాడు. అన్న గొంతు వినగానే బయటికి వచ్చాడు గాని గడప దిగలేదు. సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గుట్టకు దక్షిణాన ఉన్న అపార్ట్‌మెంట్లలో బోర్లు ఎండిపోయాయి. సమ్మెతో ట్యాంకర్లు రావడం లేదు. కరెంటు సగం రోజు ఉండదు. అపార్ట్‌మెంట్ల పెద్ద చెన్నకేశవులు సారు అనంతపురం మనిషి. వాన నీళ్లు పోనీయకుండా పైన ఆపితే బోర్లలోకి దిగుతాయని, దొంతిరాయి వెనక పరుపు బండ మీద కందకం తవ్వించి కట్ట వేయించాడు. క్వారీలు బందై పని లేక కూర్చున్నవాళ్లు పది మంది కలిసి పది రోజులు చేశారు.

"సారు మంచోడే అన్నా. మాతోని కూసోని సద్ది తిన్నడు."

"నీటిబాట?"

వాన పడితే నీళ్లు దొంతిరాయిని చుట్టి కుంటలోకి దిగే సందుకు వాళ్లు పెట్టుకున్న పేరు నీటిబాట. వాళ్ల తాతలు ఆ బాటలో ఒక్క రాయి కూడా వేసిన వాళ్లు కారు.

"కట్టకు రాళ్లు ఆడనే దొరికినయ్ అన్నా," అన్నాడు సాయిలు. "బాటల్నే పోసి మూసినం."

ఎల్లేశం ఏమీ అనలేదు. అని ఉంటే సాయిలు అంత బాధపడేవాడు కాదు. అననందుకే పడ్డాడు.

తెల్లవారి గుట్ట ఎక్కాడు. పరుపు బండ మీద యాభై అడుగుల పొడవున, మొలలోతున నీళ్లు నిలిచి ఉన్నాయి. అవతల గాజు మేడలు వరుసగా తెల్లబారుతున్నాయి. ఆ మేడల కింద ఒకప్పుడు ఉన్న గుట్టల్లో మూడింటిని తన చేత్తో పగలగొట్టినవాడు ఎల్లేశం. రాయి ఎక్కడ చీలుతుందో, ఎక్కడ చీలదో, సుత్తె మోపితే వచ్చే చప్పుడుతో చెప్పగలడు. దొంతిరాయి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముందు వైపు అది గట్టి బండ మీద కూర్చుంది. వెనక వైపు మాత్రం మొరం మీద. ఆ మొరం ఎన్ని వందల ఏళ్లుగా ఎండి ఉందో, అంత గట్టిగా ఉంది ఇన్నాళ్లూ. ఇప్పుడు వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగింది. రాయి అడుగు అంచున సున్నం చల్లినట్టు తెల్లటి పొడి కనబడింది. రాయి రాయిని నూరితే తప్ప ఆ పొడి రాదు.

"ఏమప్పా ఎల్లేశం, ఎప్పుడొస్తివి?"

చెన్నకేశవులు కట్ట మీద నిలబడి ఉన్నాడు. అరవై దగ్గరి మనిషి. రోజూ పొద్దున్నే ఎక్కి వచ్చి నీళ్లు చూసుకుని పోతాడట. బిడ్డను చూసుకున్నట్టు చూస్తున్నాడు.

"రాత్రొచ్చిన సారు."

"చూస్తివా ఎన్ని నీళ్లో. మా పక్క చినుకు పడితే దాన్ని యాడ పట్టుకోవాలా అని పరిగెత్తుతాము. మీరేమో ఇన్నేండ్లు ఊరికే పోనిస్తిరి."

"నీళ్లు పట్టుకునుడు మంచిదే సారు. జాగ మంచిది గాదు. ఇవి రాయి కిందికి పోతున్నయ్. రాయి కదిలింది."

చెన్నకేశవులు రాయి వైపు చూశాడు, నవ్వబోయి ఆగాడు. "దీన్ని ఏనుగులొచ్చినా కదిలించలేవప్పా."

"ఏనుగుల పని గాదు. నీళ్ల పని."

"ఎల్లేశం, నిజం చెప్పు. కింద మీవాళ్లు మా నీళ్లు మాక్కావాలంటాండారు. అందులో తప్పు లేదు. నేను రాయలసీమోణ్ని కాబట్టి ఈ కట్ట తీసేయమంటాండావా?"

ఎల్లేశం మాటకు మాట పెట్టి గెలిచే మనిషి కాదు. వంగి పలుగురాయి పెచ్చు ఒకటి ఏరాడు. దొంతిరాయికీ దాని వెనక ఆనుకున్న బండకూ మధ్య, రొమ్మెత్తున, అరచేయి దూరే సందు ఉంది. పెచ్చును ఆ సందులో పెట్టి సుత్తెతో నాలుగు దెబ్బలు వేశాడు.

"గుంజు సారు."

చెన్నకేశవులు రెండు చేతులతో లాగాడు. కాలు బండకు తన్నిపెట్టి లాగాడు. అది రాలేదు.

"రేపు పొద్దుగాల నువ్వే వచ్చి గుంజు. పెచ్చు రాకపోతే కట్ట ఉండనీ, నేనే కాపలా ఉంటా. ఊడొస్తే రాయి ముందలికి ఒరిగినట్టు. అప్పుడు నేను చెప్పింది విను."

ఆ మాట అనేసి వచ్చాడు గాని ఒక్క పెచ్చును నమ్ముకుని కూర్చోలేదు. తహసీల్దారు ఆఫీసుకు పోయి కాగితం పెట్టిద్దామని మూడు మైళ్లు నడిచాడు. తలుపుకు తాళం. ఎదురుగా టెంటు, టెంటు కింద ఆఫీసంతా కూర్చుని ఉంది. ఒక గుమాస్తా సంగతంతా ఓపికగా విన్నాడు.

"నీ బాధ నాకు సమజైంది కాక. గని ఇప్పుడు ఏ కాగితం తీసుకున్నా సమ్మె తప్పినట్టయితది. రాష్ట్రం రానియ్."

"రాయికి గా ముచ్చట చెప్పనా?"

టెంటులో నలుగురు నవ్వారు. ఆ గుమాస్తా నవ్వలేదు. లేచి వచ్చి గొంతు తగ్గించి, "ఇండ్లు ఖాళీ చేపియ్. గది చేయనీకి కాగితం అక్కర్లేదు," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి వార్త ఇంటింటికీ చేరి ఉంది. సాయిలు కొడుకు నితీష్ డిగ్రీ చదువుతున్నాడు, ఊరి జేఏసీలో ముందుండే పిల్లగాడు. ముప్పై మందిని కూడేసి గడ్డపారలు పోగు చేయిస్తున్నాడు.

"పెద్దబాపూ, రేపు పొద్దుగాల కట్ట తెంపుతున్నం. మన గుట్ట, మన నీళ్లు. ఎవడు అడ్డమొస్తడో చూస్త."

"నీళ్లు ఒక్కపాలి దుంకితే యాడికొస్తయ్ రా?"

"కిందికి."

"కింద ఎవరున్నరు?"

నితీష్ తన ఇంటి వైపు చూశాడు. వెంటనే పెదవి బిగించాడు. ఇంతమంది ముందు వెనక్కి తగ్గడం వాడికి రాలేదు. "మరి ఊకుందమా? ఆయన కట్టుకుంటడు, మనం సస్తం. గింతేనా?"

వాడు చెప్పిందీ తప్పు కాదు. కట్ట ఉంటే నీళ్లు రాయిని మెల్లగా దించుతాయి. తెంపితే ఒక్కసారిగా వచ్చి మొరాన్ని కోసుకుపోతాయి, రాయి నిమిషం ఆగదు. ఎటు పోయినా కింద ఇరవై రెండు ఇళ్లే. పడమట మబ్బు నల్లగా ఉబ్బుతోంది.

భూలక్ష్మి అప్పటిదాకా బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టింది.

"రేపు చౌరస్తా కాడ వంటావార్పు ఉన్నది గద," అంది. సమ్మెలో రోడ్ల మీద పొయ్యిలు పెట్టి, ఊరంతా అక్కడే వండుకుని అక్కడే తినే నిరసన అది. ఆ ఊళ్లో దాని పెత్తనం భూలక్ష్మిది. "చౌరస్తా కాడ వద్దు. గుట్ట మీద పెడదం. పరుపు బండ మీద. ఇంటిల్లిపాది రావాలె. ముసలోళ్లు, పసిపిల్లలు, కోళ్లు, మేకలు, ఎవ్వరు ఇండ్లల్ల ఉండొద్దు."

"గుట్ట మీద చేస్తె ఎవరికి కనబడ్తది వదినా?" అన్నాడు సాయిలు.

"గాజు మేడలోళ్లకు కనబడ్తది. నీకు కనబడకపోతే పాయె."

ఎల్లేశం భార్య వైపు చూశాడు. భయం అన్న మాట ఎత్తకుండానే, ఆమె ఆ ఇళ్లన్నిటినీ ఖాళీ చేయించేసింది.

తెల్లారేసరికి బండ మీద పొయ్యిలు లేస్తున్నాయి. చెన్నకేశవులు ఆ జనాన్ని చూసి మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. ఎవరితోనూ మాట్లాడకుండా సందు దగ్గరికి పోయాడు. రెండు చేతులు చాచాడు. రెండు వేళ్లే సరిపోయాయి. పెచ్చు ఊడి అరచేతిలో పడింది.

దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. తర్వాత కిందికి చూశాడు. తలుపులు వేసి ఉన్న ఇళ్లు, ఒక పెరట్లో ఆరేసిన చిన్నపిల్ల గౌను.

"నేను మంచే చేస్తాండా అనుకున్నాప్పా," అన్నాడు.

"మీ పక్క అయితే మంచే సారు. నేల సాపుగ ఉంటది. ఇది వాలు."

అప్పుడే నితీష్ గడ్డపారలతో ఎక్కి వచ్చాడు. వెనక ముప్పై మంది, డప్పు మోగుతోంది. ఎల్లేశం పోయి కట్ట మధ్యలో కూర్చున్నాడు. చెన్నకేశవులు ఒక్క క్షణం ఆలోచించి తానూ వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. డప్పు ఆగిపోయింది.

"పెద్దబాపూ, నువ్వు ఆయన దిక్కా?"

"రాయి దిక్కు. నీళ్లు పోవాలె, గని మెల్లగ పోవాలె. ఎట్ల పంపాల్నో ఇంక సమజైతలేదు. మోటరుకు కరెంటు లేదు. బిందెలతోని తోడితే నాలుగు దినాలు పడ్తది. మబ్బు నాలుగు దినాలు ఆగదు."

"మోటరెందుకప్పా," అన్నాడు చెన్నకేశవులు. అంతకుముందు లేని చురుకు వచ్చింది ఆ గొంతులో. "మా సెల్లార్లో, ఊళ్లో మా చీనీతోటకు కొన్న నల్లపైపు చుట్టలుండాయి. పైపు నిండా నీళ్లు నింపి రెండు మూతులూ మూయాల. ఒక మూతి ఈ నీళ్లలో ముంచి, ఇంకోటి కింద మా సంపు కాడ వదిలితే చాలు. కట్ట తెంపే పని లేదు, కరెంటు పని లేదు. కింద మూతి పల్లంలో ఉన్నంతసేపు నీళ్లు వాటంతటవే ఎక్కి దిగతాయి. నా చిన్నప్పుడు బావిగడ్డ నుంచి చేనికి అట్లనే పారగడితిమి."

నితీష్ కళ్లు చిట్లించాడు. "నీళ్లు ఎక్కుతయా సారు, కట్ట మీదికి?"

"చదువుకుంటాండావు గదప్పా, నువ్వే చెప్పల్ల. రా, చుట్ట మోద్దువు."

నితీష్ చేతిలో గడ్డపార అలాగే ఉంది. చుట్టూ చూశాడు. భూలక్ష్మి గరిటెతో పొయ్యి దగ్గరి నుంచే, "మోయి బిడ్డా, గడ్డపారకంటే తేలికుంటది," అంది. ముప్పై మందీ నవ్వారు. వాడూ నవ్వక తప్పలేదు.

గంటన్నరలో మూడు పైపులు వాలు పొడవునా పడ్డాయి. మొదటిదాని మూత తీసేటప్పుడు జనమంతా వంటలు వదిలి చుట్టూ మూగారు. పైపు ఒకసారి గురకపెట్టి, గాలి కక్కి, ఆగింది. "అయిపాయె," అన్నాడు ఎవరో. అంతలో కిందినుంచి, సంపు దగ్గర నిలబడిన చెన్నకేశవులు భార్య ఓబులమ్మ కేక వినబడింది, "వచ్చినాయ్, వచ్చినాయ్." డప్పు దానంతట అదే లేచింది.

నీళ్లు తగ్గుతున్న కొద్దీ ఎల్లేశం వెనకే దిగాడు. ఇక మాటలు అవసరం లేని పని. సాయిలు మొదట నీటిబాటలోకి పోయి, కట్టకని తాను పోసిన రాళ్లు తానే ఏరడం మొదలుపెట్టాడు. ఎవరినీ సాయం పిలవలేదు. కాసేపటికి ఎల్లేశమే నలుగురిని పంపాడు. మిగతావాళ్లు మెత్తబడ్డ మొరాన్ని చేటలతో ఎత్తిపోశారు. ఆ చోట ఎల్లేశం రాళ్లు పేర్చాడు. పెద్ద రాయి, దాని పక్కన దాని ఆకారానికి సరిపోయే రాయి, మధ్యలో పెచ్చు, పెచ్చు మీద సుత్తె. సిమెంటు తెప్పిస్తానన్నాడు చెన్నకేశవులు.

"వద్దు సారు. సిమెంటు నీళ్లను లోపట్నే పట్టుకుంటది. పొడి రాళ్లయితే వచ్చిన నీళ్లు సందుల్లకెళ్లి పోతయ్, రాయి మాత్రం కూసుంటది."

మధ్యాహ్నం అన్నం దగ్గర ఓబులమ్మ సంగటి ముద్దలు తెచ్చింది. రోహిణి అనే పసిబిడ్డ తల్లి దాన్ని విడదీసి చూసి, "గిది ముద్దా, సుత్తెనా?" అంది. ఓబులమ్మ పప్పు నోట్లో పెట్టుకుని, "మీ పప్పులో ఉప్పు లేదు, మా ముద్దలో మెత్తదనం లేదు. రెండూ కలిపి తినండమ్మా," అంది. అలాగే తిన్నారు.

సాయంత్రానికి సంపులు నిండాయి. కందకం అడుగు కనబడింది. పని మాత్రం సగమే అయింది. ఆ రాత్రికి ఎవరూ ఇళ్లకు దిగవద్దన్నాడు ఎల్లేశం. చెన్నకేశవులు అపార్ట్‌మెంటు సెల్లారు తెరిపించి కార్లు బయట పెట్టించాడు. మేకలతో సహా ఇరవై రెండు కుటుంబాలూ అక్కడే పడుకున్నాయి. మేకలు వద్దని ఒకరిద్దరు పై అంతస్తుల నుంచి అన్నారట. "రాయి పడితే ఇల్లే కూలుతాది, మేక వస్తే మీ గోడ కూలదు," అని ఆయన అన్న మాట తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

రెండో రోజు మూడు గంటలకు ఎల్లేశం చివరి పెచ్చు బిగిస్తుండగా మొదటి చినుకు సుత్తె మీద పడింది.

ఆ వాన చూసినవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. గాజు మేడలు కనబడకుండా పోయాయి. గుట్ట మీద పడ్డ ప్రతి చుక్కా బండ మీదుగా పరిగెత్తి పరుపు మీదికి వచ్చింది. జనమంతా సెల్లారు వాకిట్లో నిలబడి పైకి చూస్తున్నారు. ఎల్లేశం మాత్రం నీటిబాట ఒడ్డున, పైన గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడు. సాయిలు వద్దన్నా వినక వచ్చి పక్కనే కూర్చున్నాడు.

నీళ్లు వచ్చాయి. పేర్చిన రాళ్లను తాకాయి, ఆగాయి, మట్టం పెరిగింది. సాయిలు అన్న మోచేయి పట్టుకున్నాడు. అప్పుడు పక్కకు తిరిగాయి. తాతలనాటి సందులోకి ఒరిగి, దొంతిరాయిని చుట్టి, దక్షిణంగా దూకాయి. రాయి అడుగు నుంచి మొదట ఎర్రటి నీళ్లు కారాయి. ఎల్లేశం వాటినే చూస్తూ ఉన్నాడు. ఆ ఎరుపు మొరానిది. అది ఆగకపోతే ఇంకా లోపల కరుగుతున్నట్టే. పావుగంట ఎర్రగా కారింది. తర్వాత పలచబడింది. తర్వాత తేటనీళ్లు వచ్చాయి, వేళ్ల మధ్య మట్టి రేణువు కూడా మిగలకుండా. ఎల్లేశం దోసిట్లో పట్టి సాయిలుకు చూపించాడు.

"కూసున్నది రా," అన్నాడు.

సాయిలు ఏడ్చాడో, వాననీళ్లో, తెలియలేదు.

గంటకు వాన తెరిపిచ్చింది. ఎల్లేశం చేయి ఎత్తి ఊపాడు. అంతే. కింద సెల్లారు వాకిట్లో అరుపు పుట్టింది. డప్పులు తడిసి మెత్తబడితే నితీష్ గాజు మేడల వైపు తిరిగి బిందె మీద దరువేశాడు. జనం కుంట దాకా పరిగెత్తారు. పదేళ్లుగా చెత్తతో పూడుతున్న కుంట అంచుకు నీళ్లు తాకుతున్నాయి. చెన్నకేశవులు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి అందులో నిలబడి ఉన్నాడు.

"ఎల్లేశం, నీళ్లు నిలబెట్టాల్సిన జాగా ఇదేనప్పా. ఇంకో రెండు మూరలు లోతు చేసి, చెత్త తీసి, ఆ పక్క కట్ట వేస్తే మీ బోరింగు, మా బోర్లు రెండూ బతుకుతాయి. ఎప్పుడు మొదలుపెడదాం?"

"రేపు."

"సమ్మె గదప్పా?"

"సమ్మె సర్కారు మీద సారు. కుంట మీద గాదు," అన్నాడు నితీష్, పెద్దబాపు కంటే ముందే.

గుంపులు గుంపులుగా ఇళ్లకు దిగారు. తలల మీద మూటలు, చేతుల్లో కోళ్లు, ముందు బిందె దరువు. ఎల్లేశం మరొకసారి పైకి పోయి రాయి చుట్టూ తిరిగి వచ్చాడు. పరుపు బండ అంచు నుంచి చూస్తే కింద ఒక్కొక్క ఇంటి తలుపూ తెరుచుకుంటోంది. తడి కట్టెల పొగ ఒక కప్పులోంచి లేచింది, మరొక కప్పులోంచి లేచింది. లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. ఇరవై ఒకటి వచ్చింది.

ఇరవై రెండోది తన ఇల్లు. వాకిట్లో భూలక్ష్మి నడుం మీద చేయి పెట్టుకుని పైకి చూస్తోంది.

"దిగుతవా," అని కేకేసింది, "లేకపోతే రాయికి, నీకు కలిపి ఆడికే పంపాల్నా బువ్వ? అగ్గిపెట్టె నీ సంచిల ఉన్నది."

ఎల్లేశం సంచి భుజానికెత్తుకుని నీటిబాట పక్కగా, తేటనీళ్ల వెంట కిందికి దిగాడు.